గుర్రం చూపిన కోట

*దాదాపు మూడున్నర శతాబ్దాలుగా తవాంగ్ మఠం సరిహద్దు రాజకీయాలను తట్టుకుని నిలిచింది. ఇప్పుడు దాని ముందున్న పరీక్ష గోడకు అవతల కాదు, ఇవతల.*

తవాంగ్ ఊళ్లో ఏ మూల నిలబడి తలెత్తినా ముందు కనిపించేది అదే. కొండ కొమ్ము మీద తెల్లటి గోడలు, పసుపుపచ్చ కప్పులు, ఆ వెనక మంచు పట్టిన శిఖరాలు. మొదటిసారి చూసేవాళ్లు కోట అనుకుంటారు. దగ్గరికి వెళ్లాక కూడా ఆ అభిప్రాయం పెద్దగా మారదు. 925 అడుగుల పొడవైన ప్రహరీ, దాని లోపల మూడంతస్తుల ప్రార్థనా మందిరం, లామాలు ఉండే 65 ఇళ్లు, గ్రంథాలయం, ధాన్యం కొట్లు, బడి. ఒకసారి తలుపులు మూసుకుంటే బయటి ప్రపంచంతో పని లేకుండా కొన్నాళ్లు గడిపేయగల ఏర్పాటు. సముద్ర మట్టానికి సుమారు 10,000 అడుగుల ఎత్తున ఉన్న ఈ కట్టడం భారతదేశంలోని బౌద్ధ మఠాల్లోకెల్లా పెద్దది. అరుణాచల్‌ప్రదేశ్‌లో భారత్, చైనాల మధ్య నలుగుతున్న వివాదానికి కేంద్రబిందువు కూడా ఇదే.

అయితే లోపలికి అడుగుపెట్టిన వారికి వివాదం ఛాయలేమీ కనిపించవు. తెల్లవారకముందే ప్రార్థనకు పిలుపు వినిపిస్తుంది. మెరూన్ రంగు వస్త్రాలు చుట్టుకున్న పిల్లలు నిద్రమత్తు వదలని కళ్లతో మందిరంలో వరసలుగా కూర్చుంటారు. పెద్ద లామాలు గొంతు కలుపుతుంటే పిల్లల్లో కొందరు మంత్రాలు చదువుతారు, కొందరు కునికిపాట్లు పడతారు. ఉప్పు, వెన్న వేసి చిలికిన టీని పెద్ద కెటిళ్లతో తెచ్చి గిన్నెల్లో పోస్తారు. దేశ భద్రత గురించి ఢిల్లీలో జరిగే చర్చల్లో తరచూ వినిపించే తవాంగ్ ఇదేనంటే నమ్మడం కష్టం.

రెండు రోజుల దారి

ఇక్కడికి రావడం ఇప్పటికీ తేలిక కాదు. అస్సాంలోని తేజ్‌పూర్ నుంచి 300 కిలోమీటర్లకు పైగా కొండదారి. భాలుక్‌పాంగ్ దగ్గర రాష్ట్ర సరిహద్దు దాటాలంటే ఇతర రాష్ట్రాల వారికి ఇన్నర్ లైన్ పర్మిట్ తప్పనిసరి. అక్కడి నుంచి దట్టమైన అడవుల గుండా బొమ్‌డిలా, దిరాంగ్. చాలామంది ఈ రెండింటిలో ఏదో ఒకచోట రాత్రి ఆగుతారు. అది అలసట తీర్చుకోవడానికే కాదు, ఎత్తుకు శరీరం అలవాటు పడటానికి కూడా. మర్నాడు ఎదురయ్యేది 13,700 అడుగుల ఎత్తున్న సేలా కనుమ.

తరతరాలుగా తవాంగ్‌కు సేలా ఒక గడియ లాంటిది. చలికాలంలో మంచు కురిస్తే దారి మూసుకుపోయేది. అటు సైనిక వాహనాలు, ఇటు రోగులతో బయల్దేరిన జీపులు ఎక్కడివక్కడ నిలిచిపోయేవి. ఆ గడియ 2024 మార్చి 9న తెరుచుకుంది. సుమారు 13,000 అడుగుల ఎత్తున, 825 కోట్ల రూపాయల ఖర్చుతో సరిహద్దు రహదారుల సంస్థ నిర్మించిన సేలా సొరంగాన్ని ఆ రోజు ప్రధాని ప్రారంభించారు. అది సైన్యానికి ఎంత ఊరటో, పర్యాటకులకు, వ్యాపారులకు కూడా అంతే. ఈ మార్పు మఠం మీద చూపుతున్న ప్రభావం గురించి తర్వాత చెప్పుకోవచ్చు. ముందు ఈ కోట ఇక్కడే ఎందుకు వెలిసిందో చూడాలి.

నూలు ఉండ కొలిచిన గోడ

స్థానిక మోన్‌పా తెగ వారు చెప్పుకునే కథ ఇది. పదిహేడో శతాబ్దం చివర్లో మేరక్ లామా లోద్రే గ్యాత్సో మఠానికి చోటు వెతుకుతూ ఎంత తిరిగినా మనసుకు నచ్చినది దొరకలేదు. ఒక గుహలో ధ్యానానికి కూర్చుని కళ్లు తెరిచేసరికి ఆయన గుర్రం కనిపించలేదు. వెతుక్కుంటూ వెళితే ఒకప్పుడు కాలా వాంగ్‌పో అనే రాజు కోట ఉన్న కొండ మీద నిలబడి ఉంది. అది దైవ సంకేతమని భావించిన లామా అక్కడే పని మొదలుపెట్టారు. 'త' అంటే గుర్రం, 'వాంగ్' అంటే ఎంచుకున్నది. ఊరికి పేరు అలా వచ్చిందని నమ్మకం. మఠం పరిమాణాన్ని నిర్ణయించడానికి ఐదో దలైలామా ఒక నూలు ఉండ పంపారని, ఆ దారం ఎంత దూరం వస్తే అంత మేర గోడ కట్టారని కూడా చెబుతారు.

కథను పక్కన పెట్టి చూసినా గుర్రం ఎంపిక తెలివైనదే. ఆ కొండ మూడు వైపులా లోయలోకి జారిపోతుంది. తవాంగ్ చూ నది లోయ మొత్తం అక్కడి నుంచి కనిపిస్తుంది. 1680-81లో కట్టడం మొదలైన నాటికి ఈ ప్రాంతం ప్రశాంతంగా లేదు. టిబెట్‌లో అధికారంలో ఉన్నది దలైలామాల గెలుగ్ శాఖ. పక్కనే భూటాన్‌ను ఏలుతున్నది ద్రుక్‌పా శాఖ. రెంటికీ పడేది కాదు. మోన్‌పాల ఊళ్లు ఆ రెంటి మధ్య నలిగేవి. అందుకే ఐదో దలైలామా ఆదేశంతో లేచిన ఈ మఠం ఆరాధనా స్థలంతోపాటు సరిహద్దు ఠాణాగా కూడా రూపుదిద్దుకుంది. ప్రహరీ అందుకే. రాతి గోడల మధ్య పాక ఆకారంలో ఉండి, పైకప్పు మీద మండల చిత్రాలతో కనిపించే కాకలింగ్ ద్వారం దాటితేనే లోపలికి దారి.

చుట్టుపక్కల ఊళ్లు మఠానికి ధాన్యం రూపంలో పన్ను చెల్లించేవి. తగాదాలు తీర్చడం, లెక్కలు రాయడం, లాసాతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడపడం అన్నీ ఇక్కడి నుంచే. వీటన్నిటికీ మించిన పన్ను మరొకటి ఉండేది. అది మనుషుల పన్ను. ముగ్గురు కొడుకులున్న ఇల్లు ఒకరిని మఠానికి ఇవ్వాలన్నది ఆచారం. కోట గోడ కంటే గట్టి బంధం ఇదే. ఎవరి తమ్ముడో, ఎవరి చిన్నాన్నో, ఎవరి మేనల్లుడో లోపల ఉన్నప్పుడు ఆ మఠం ఏ ఊరికైనా పరాయిది ఎలా అవుతుంది?

ధాన్యకటకం నీడ

దుఖాంగ్ అనే ప్రధాన ప్రార్థనా మందిరంలో భారీ బుద్ధ విగ్రహం ముందు వెన్న దీపాలు వెలుగుతుంటాయి. గోడల నిండా చిత్రాలు. మఠాన్ని కాపాడే దేవతగా భావించే పాల్‌దెన్ లామో పటాన్ని ఐదో దలైలామా తన ముక్కు నుంచి కారిన రక్తంతో గీశారని నమ్ముతారు. అయితే మఠం అసలు సంపద పార్ఖాంగ్ అనే గ్రంథాలయంలో ఉంది. బుద్ధుడి బోధలుగా భావించే కాంగ్యుర్, వాటిపై భారతీయ పండితులు రాసిన వ్యాఖ్యానాల సంకలనం తెంగ్యుర్ ఇక్కడ గుడ్డలో చుట్టి, చెక్క పలకల మధ్య భద్రంగా ఉన్నాయి. బంగారు అక్షరాలతో రాసిన అష్టసాహస్రిక ప్రజ్ఞాపారమిత కూడా ఉంది.

ఆ తెంగ్యుర్ కట్టల్లో తెలుగువారికి బాగా తెలిసిన పేరు ఒకటుంది. నాగార్జునుడిది. ఆయన శాతవాహన రాజుకు లేఖ రూపంలో రాసినట్టు చెప్పే సుహృల్లేఖ, శూన్యవాదానికి పునాది వేసిన మూలమధ్యమకకారిక టిబెటన్ అనువాదాల్లో అక్కడ ఉన్నాయి. తవాంగ్ మఠానికి మాతృసంస్థ లాసా సమీపంలోని డ్రేపుంగ్ మఠం. ఆ మాటకు ధాన్యరాశి అని అర్థం. అమరావతి దగ్గరి ధాన్యకటకం పేరునే టిబెటన్లు తమ భాషలోకి మార్చుకుని ఆ మఠానికి పెట్టుకున్నారు. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని ధాన్యకటకంలోనే బోధించాడన్నది వారి సంప్రదాయ విశ్వాసం. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర నిర్వహించినప్పుడు హిమాలయ ప్రాంతాల నుంచి వేల మంది కృష్ణా తీరానికి తరలి వచ్చింది అందుకే. కృష్ణ ఒడ్డున స్తూపం శిథిలమైపోయినా ఆ పేరు మాత్రం మంచు కొండల్లో బతికే ఉంది.

సింహాసనం వద్దన్న కవి

మఠం కట్టిన రెండు మూడేళ్లకే తవాంగ్ మరో ముద్ర వేసింది. ఊరికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని ఉర్గెలింగ్‌లో 1683లో పుట్టిన బాలుణ్ని ఆరో దలైలామాగా గుర్తించారు. ఆయనే త్సాంగ్యాంగ్ గ్యాత్సో. ఐదో దలైలామా 1682లోనే మరణించినా ఆ విషయాన్ని లాసా పాలకులు సుమారు 15 ఏళ్లు దాచిపెట్టారు. ఫలితంగా కొత్త దలైలామా 1697లో గద్దెనెక్కేసరికి యువకుడయ్యాడు. ఆయనకు సన్యాసం రుచించలేదు. పూర్తిస్థాయి భిక్షువుగా దీక్ష తీసుకోవడానికి నిరాకరించి, లాసా వీధుల్లో తిరుగుతూ ప్రేమ గీతాలు రాశాడు. 1706లో మంగోల్ పాలకుడు లాజాంగ్ ఖాన్ ఆయన్ను పదవి నుంచి దించి చైనా వైపు పంపించగా దారిలోనే చనిపోయాడని చరిత్ర చెబుతోంది.

దలైలామాల్లో మోన్‌పా తెగకు చెందిన వారు ఆయనొక్కరే. ఉర్గెలింగ్‌లో ఆయన ఇంటి స్థలం ఇప్పుడు చిన్న గుడి. మోన్‌పాలు ఆయన్ను తమ ఇంటి బిడ్డగా తలచుకుంటారు. చలికాలంలో టిబెట్ వైపు నుంచి జెమిథాంగ్ లోయకు వచ్చే నల్లమెడ కొంగల్లో ఆయన్ను చూసుకుంటారు. ఈ కొంగల ప్రస్తావన ఇక్కడితో అయిపోలేదు. 310 ఏళ్ల తర్వాత అవి ఒక పెద్ద ప్రాజెక్టునే ఆపాయి.

గీత గీసిన వాళ్లు, దాటిన వాళ్లు

1914లో సిమ్లా సమావేశం సందర్భంగా గీసిన మెక్‌మహన్ రేఖ తవాంగ్‌ను బ్రిటిష్ ఇండియా వైపు చేర్చింది. కాగితం మీద అలా ఉన్నా చాలాకాలం పాటు పాలన మారలేదు. రేఖకు అవతల ఉన్న త్సోనా అధికారులు వచ్చి పన్నులు వసూలు చేస్తూనే ఉన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక, చైనా సేనలు టిబెట్‌లోకి ప్రవేశించిన నేపథ్యంలో, 1951 ఫిబ్రవరిలో మేజర్ బాబ్ ఖాథింగ్ అస్సాం రైఫిల్స్ దళంతో తవాంగ్ చేరుకుని భారత పాలనను నెలకొల్పారు. మణిపూర్‌కు చెందిన తాంగ్‌ఖుల్ నాగా ఆయన. తుపాకీ పేలకుండా, ఊరి పెద్దలతో, మఠంతో మాట్లాడుకుని పని పూర్తిచేశారు.

ఎనిమిదేళ్లకు ఆ దారిలోనే మరొకరు వచ్చారు. 1959 మార్చి 17న లాసా నుంచి రహస్యంగా బయల్దేరిన పద్నాలుగో దలైలామా మార్చి 31న ఖెంజిమనే దగ్గర భారత భూభాగంలో అడుగుపెట్టారు. తవాంగ్ మఠంలో కొద్ది రోజులు సేదదీరి, బొమ్‌డిలా మీదుగా ఏప్రిల్ 18న తేజ్‌పూర్ చేరుకున్నారు. మూడేళ్లకు, 1962 అక్టోబర్‌లో చైనా సైన్యం అదే కొండలు దాటి దిగింది. నామ్‌కా చూ దగ్గర అక్టోబర్ 20న మొదలైన దాడితో నాలుగైదు రోజుల్లోనే తవాంగ్ వారి చేతికి చిక్కింది. నవంబర్ 21న కాల్పుల విరమణ ప్రకటించాక చైనా సైన్యం వెనక్కి మళ్లింది. మఠం కట్టడం మాత్రం నిలిచింది.

వివాదం కూడా నిలిచింది. ఒకప్పుడు తవాంగ్ లాసాకు పన్ను కట్టింది కనుక అది తమదేనన్నది చైనా వాదన. ఆరో దలైలామా జన్మస్థలం కావడాన్నీ బీజింగ్ తన వాదనకే వాడుకుంటుంది. 2009 నవంబర్‌లో, 2017 ఏప్రిల్‌లో దలైలామా తవాంగ్ వచ్చినప్పుడు తీవ్ర అభ్యంతరం తెలిపింది. 2017 పర్యటన ముగిసీ ముగియకముందే అరుణాచల్‌లోని ఆరు చోట్లకు తన పేర్లు ప్రకటించింది. ఆ తర్వాత కూడా అలాంటి జాబితాలు పలుమార్లు వెలువడ్డాయి. 2022 డిసెంబర్ 9న తవాంగ్ సెక్టార్‌లోని యాంగ్త్సే దగ్గర ఇరు దేశాల సైనికులు బాహాబాహీకి దిగారు. ఈ మొత్తం వ్యవహారంలో అక్కడ ఉంటున్న మోన్‌పాల మాట వినిపించిన సందర్భాలు తక్కువ. 2011 జనాభా లెక్కల ప్రకారం జిల్లా మొత్తంలో ఉన్నది సుమారు 50 వేల మందే.

నది కోసం వీధిలోకి

వారి గొంతు గట్టిగా వినిపించిన సందర్భం సరిహద్దు గురించి కాదు, నీటి గురించి. జెమిథాంగ్ లోయలో న్యామ్‌జాంగ్ చూ నది మీద 780 మెగావాట్ల జల విద్యుత్ కేంద్రం కట్టాలన్నది ప్రతిపాదన. నల్లమెడ కొంగలు చలికాలం గడిపేది ఆ నది ఒడ్డునే. పవిత్ర స్థలాలు, ఊళ్లు దెబ్బతింటాయన్న ఆందోళన కూడా తోడయింది. సేవ్ మోన్ రీజియన్ ఫెడరేషన్ పేరిట సాగిన ఉద్యమంలో లామాలే ముందు నిలిచారు. 2016 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని నిలిపివేసింది. కారణాల్లో కొంగలు ప్రధానమైనవి.

విజయోత్సాహం నెల కూడా మిగల్లేదు. ఉద్యమ నేత అయిన లామా అరెస్టయ్యారు. ఆయన్ను విడుదల చేయాలంటూ మే 2న తవాంగ్ పోలీస్ స్టేషన్ ముందు గుమికూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. వారిలో ఒకరు యువ లామా. 1962లో శత్రు సైన్యం వచ్చిపోయిన ఊళ్లో, శాంతి కాలంలో, ఒక భిక్షువు సొంత ప్రభుత్వ పోలీసుల తూటాకు నేలకొరగడం మోన్‌పాలు అంత తేలిగ్గా మరిచిపోయేది కాదు. రాష్ట్రంలో నిలిచిపోయిన 12 జల విద్యుత్ ప్రాజెక్టులను 2023 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు అప్పగించారు. కనుక డ్యాములపై చర్చ ముగిసిందనుకోవడానికి వీల్లేదు.

దీన్ని మతం రాజకీయాల్లో తలదూర్చడమని తీసిపారేయవచ్చు. కానీ మఠం పుట్టిన తీరు తెలిసినవారికి అందులో వింత కనిపించదు. ఊళ్ల మంచిచెడ్డలు చూడటం దానికి మొదటి నుంచీ ఉన్న పనే.

తగ్గుతున్న కొడుకులు

ఇప్పుడు ఆ బంధానికే పరీక్ష ఎదురవుతోంది. మఠంలో సుమారు 450 మంది లామాలు ఉంటారన్నది తరచూ చెప్పే లెక్క. కానీ ముగ్గురు కొడుకులున్న ఇళ్లు ఎన్ని మిగిలాయి? హిమాలయాల పొడవునా బౌద్ధ మఠాలన్నిటికీ ఇదే చిక్కు. కుటుంబాలు చిన్నవయ్యాయి. ఒకప్పుడు చదువు కావాలంటే మఠమే దిక్కు. ఇప్పుడు ప్రభుత్వ బడులు, వసతి గృహాలు ఉన్నాయి. సైన్యంలో, ప్రభుత్వ కార్యాలయాల్లో కొలువులున్నాయి. సొరంగం వచ్చాక హోటళ్లు, టాక్సీలు మరో దారి చూపుతున్నాయి. చదువులో ముందున్న యువ లామాలు కర్ణాటకలోని ముండ్‌గోడ్, బైలకుప్పెల్లో ప్రవాస టిబెటన్లు మళ్లీ నిర్మించుకున్న మహా మఠాలకు వెళుతున్నారు. వెళ్లినవారంతా తిరిగి తవాంగ్‌కు వస్తారన్న భరోసా లేదు.

మఠం కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆవరణలోని బడిలో బాల లామాలు టిబెటన్ గ్రంథాలతోపాటు ఇంగ్లిష్, హిందీ, లెక్కలు కూడా నేర్చుకుంటున్నారు. ఒకప్పుడు మఠాల్లో గ్రంథాలు రాసుకోవడానికి మోన్‌పాలు చెట్టు బెరడు నుంచి తయారుచేసిన మోన్ షుగు కాగితం దాదాపు కనుమరుగైన దశలో 2020 డిసెంబర్‌లో ఖాదీ గ్రామోద్యోగ సంఘం తవాంగ్‌లో దాని తయారీ కేంద్రాన్ని తెరిచింది. ఏటా జనవరి ప్రాంతంలో మూడు రోజులపాటు జరిగే తోర్గ్యా పండుగకు జిల్లా నలుమూలల నుంచి జనం వస్తారు. లామాలు ముసుగులు ధరించి నాట్యం చేస్తుంటే తాతల భుజాల మీద కూర్చున్న మనవలు కేరింతలు కొడతారు. ఆ మూడు రోజులూ మఠం ఎవరిదన్న ప్రశ్నే రాదు.

రాబోయే ప్రశ్న

ఆ ప్రశ్న బయటి నుంచి మాత్రం వస్తుంది. 2025 జూలై 2న, తన 90వ పుట్టినరోజుకు నాలుగు రోజుల ముందు, దలైలామా తన పరంపర కొనసాగుతుందని ప్రకటించారు. వారసుణ్ని గుర్తించే అధికారం తాను నెలకొల్పిన గాదెన్ ఫోద్రాంగ్ ట్రస్టుకు తప్ప మరెవరికీ లేదన్నారు. తమ ఆమోదం తప్పనిసరని చైనా వెంటనే బదులిచ్చింది. రేపు ఇద్దరు దలైలామాలను ప్రకటించే పరిస్థితి వస్తే, ఒకప్పుడు ఒక దలైలామా పుట్టిన నేలగా, మరో దలైలామాకు ఆశ్రయమిచ్చిన గూడుగా తవాంగ్ ఏం చెబుతుందన్నది ఢిల్లీకీ బీజింగ్‌కీ ముఖ్యమే. సరిహద్దు పొడవునా సైనిక శిబిరాలు, రోడ్లు, హెలిప్యాడ్లు పెరుగుతుండటానికి కారణం అదొక్కటే కాకపోయినా, దాని నీడ వాటి మీద లేకపోలేదు.

ఢిల్లీ ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒకటుంది. 1951లో తవాంగ్ భారత్‌ను అంగీకరించింది బాబ్ ఖాథింగ్ వెంట వచ్చిన తుపాకుల వల్ల మాత్రమే కాదు. ఆయన మఠంతో, ఊళ్లతో మాట్లాడారు. 2016లో మాట్లాడవలసిన చోట కాల్పులు జరిగాయి. సొరంగాలు సైన్యాన్ని వేగంగా చేరవేయగలవు. మోన్‌పా మనసుకు దగ్గరి దారి మాత్రం ఇప్పటికీ కాకలింగ్ ద్వారం గుండానే.

సాయంత్రం ప్రార్థన ముగిశాక ఆ ద్వారం దగ్గర కాస్త సందడి ఉంటుంది. పర్యాటకులు చివరి ఫొటోలు తీసుకుంటారు. చేతిలో జపమాల తిప్పుకుంటూ ముసలమ్మలు మెల్లగా కొండ దిగుతారు. లోపల ఉన్న పిల్లవాణ్ని చూడటానికి ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు సంచిలో తెచ్చిన తినుబండారాలు అందించి, చలికి వాడి వస్త్రం సరిచేసి వెళ్లిపోతారు. నూలు ఉండతో కొలిచి కట్టిన గోడకు అసలు కాపలా వాళ్లే. వాళ్లు వస్తున్నంతకాలం ఈ కోటకు ఢోకా లేదు.